మా మిషన్లు ఆగే సీన్ రాయండి: తెలుగు సీరియల్ రచయితలకూ చానెళ్ల పెద్దలకూ బహిరంగ లేఖ

తెలుగు సీరియళ్లకు కథలూ మాటలూ రాసే అయ్యలకూ అమ్మలకూ, ఆ కథలు ఎన్నాళ్లు నడవాలో తేల్చే చానెళ్ల పెద్దలకూ, విశాఖపట్నం మర్రిపాలెం నుంచి నమస్కారాలు.

మాది ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెడితే రాత్రి షట్టరు దించేదాకా మోగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం సీరియళ్లు, సాయంత్రం ఆరు దాటాక పెద్ద సీరియళ్లు. వేలు సూదికి అంగుళం దూరంలో ఉంటుంది కాబట్టి గుడ్డ మీంచి కళ్లు తీయడానికి ఉండదు. మేం సీరియల్ చూసేది తక్కువ, వినేది ఎక్కువ. నగలు, పట్టుచీరలు, కెమెరా మూడుసార్లు మొహం మీదికి దూసుకురావడం, ఇవేవీ మాకు అందవు. అందేది మాట ఒక్కటే. ఆ మాటలో పస ఉందో లేదో వినేవాళ్లకే ముందు తెలిసిపోతుంది.

మా షాపులో ఒక కొలత ఉంది. మనసుకు తగిలే సీన్ వస్తే మిషన్లు ఆగిపోతాయి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, పెడల్ మీద కాలు దానంతటదే నిలిచిపోతుంది. ఒకప్పుడు వారానికి రెండు మూడుసార్లయినా అలా ఆగేవి. ఇప్పుడు టీవీలో కార్లు లోయలో పడుతున్నాయి, గోడౌన్లు పేలిపోతున్నాయి, ఆపరేషన్ థియేటర్లో గుండె ఆగిపోతోంది. మా మిషన్లు మాత్రం ఆగడం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఈమధ్య ఆగిన సందర్భం ఒకటి చెబుతాను. ఒక మధ్యాహ్నం సీరియల్లో పెళ్లయిన కూతురు చెప్పాపెట్టకుండా పుట్టింటికి వచ్చింది. చేతిలో ఒక బ్యాగు. తల్లి గుమ్మంలోనే సంబరపడిపోయింది, కాళ్లకి నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. కూతురు రెండో ముద్ద కలుపుతుండగా తల్లి మామూలుగా అడిగింది, “ఎన్నాళ్లుంటావమ్మా?” అని. కూతురు దానికి జవాబు చెప్పలేదు. “కూర బాగుందమ్మా” అంది. వెనక మ్యూజిక్ కూడా లేదు. అంతే, షాపులో చప్పుడు ఆగిపోయింది. కాజాలు కుట్టే అమ్మాయి సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలేసి టీవీ వైపు తిరిగింది. బ్లౌజు పట్టుకెళ్లడానికి వచ్చినావిడ డబ్బులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. తల్లికి అర్థమైందా? అర్థమయ్యే అడగకుండా ఊరుకుందా? తండ్రి ఇంటికొచ్చాక ఎవరు చెబుతారు? సాయంత్రం దాకా మా మధ్య అదే మాట. మా దగ్గర ఫాల్స్ కుట్టే ఒకామె, తల వంచుకునే, “మాయమ్మా అలాగే అడిగింది. నాను సెప్పనేదు” అంది. అంతకు మించి ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

మర్నాడు అదే సీరియల్లో ఆ అమ్మాయి మొగుడు పుట్టింటికి నిప్పుపెట్టమని మనుషుల్ని పంపించాడు. మిషన్లు మామూలుగా తిరిగాయి.

అయ్యా, అమ్మా, ఆ కంచం దగ్గర సీన్ రాసింది కూడా మీరే. మీకు చేతకాదని అనడానికి నాకు నోరెలా వస్తుంది? తల్లి అడిగిన చిన్న ప్రశ్నకు కూతురు ఏం చెబుతుందోనని మా గుండెలు బిగబట్టించారు. అంత మంచి భయాన్ని చేతిలో పెట్టుకుని, ఒక్క రోజు కూడా దాన్ని నమ్మలేక నిప్పు దగ్గరికి ఎందుకు పరుగెత్తారు? ఆ ప్రశ్న మీద వారం రోజులు కథ నడిచినా మేం కదిలేవాళ్లం కాదు.

ఇప్పుడు మీ వరస మాకు కంఠతా వచ్చేసింది. మొదట కోడలు వండిన కూరలో ఎవరో ఉప్పు పోస్తారు. తర్వాత నగ పోతుంది, దొంగతనం ఆమెకు అంటగడతారు. తర్వాత మెట్ల మీద నూనె. తర్వాత పాలల్లో విషం. ఆ తర్వాత లారీ, కిడ్నాపు, కోమా, గతం మరిచిపోవడం, అచ్చం అదే పోలికతో ఇంకో మనిషి. ఒక మెట్టు ఎక్కాక కిందికి దిగడానికి మీకు ధైర్యం చాలదు. విషం పెట్టిన అత్త మళ్లీ సూటిపోటి మాటలతో సరిపెట్టుకుంటే చప్పబడుతుందని భయం. చప్పబడే మాట నిజమే. ఎందుకు చప్పబడుతోందో మాత్రం మీరు వేరే చోట వెతుకుతున్నారు. విషం పెట్టిన మనిషి మర్నాడు అదే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీ తింటోంది. పోలీసు కేసు లేదు. ఇల్లు విడిచి పోయినవాళ్లు లేరు. కొడుకు తల్లితో మాట్లాడడం మానలేదు. ఆ కోడలు గ్లాసు చేతిలోకి తీసుకునేటప్పుడు ఒక్క క్షణమైనా జంకడం లేదు. నేరం పెద్దదైంది గానీ దాని గుర్తు ఎవరి బతుకులోనూ మిగల్లేదు. నిన్నటిది మిగలకపోతే ఇవాళ ఇంకా పెద్దది చేయాల్సి వస్తుంది, అది కూడా మిగలదు కాబట్టి రేపు దానికంటే పెద్దది. ప్రమాదం పెరిగేకొద్దీ మాకు భయం తగ్గిపోతున్నది ఇందుకే.

నా పనిలోంచి ఒక్క మాట చెబుతాను. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల రెండు పక్కలా కొంచెం గుడ్డ వదులుతాం. ఒళ్లు చేస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చు, ఇంకొన్నాళ్లకి ఇంకొకటి. లోపలి గుడ్డ అయిపోయాక విప్పడానికి ఏమీ ఉండదు, బలవంతాన తొడిగితే చంక దగ్గర పిగిలిపోతుంది. మొదటి రోజు లోపల ఎంత వదిలి కుట్టారన్నదాన్ని బట్టే కథకైనా పొడుగు. మూడొందల ఎపిసోడ్లకు సరిపడా మనుషుల్ని, వాళ్ల గతాన్ని, కోరికల్ని పెట్టుకుని రెండు వేల ఎపిసోడ్లు లాగితే పిగిలేచోట మీరు యాక్సిడెంటు పెడుతున్నారు.

చావుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2017 అక్టోబరులో మొదలైన ‘కార్తీక దీపం’ మా షాపుకి వచ్చేవాళ్లకి ఎంత దగ్గరైందో చెప్పలేను. వంటలక్క, డాక్టర్ బాబు ఇంట్లో మనుషుల పేర్లయిపోయాయి. మొదట్లో ఆ కథలో ఉన్నదేమిటి? రంగు తక్కువని చిన్నచూపు చూడబడిన ఒక ఆడది, పెళ్లాన్ని అనుమానించిన మొగుడు, తండ్రికి దూరంగా పెరిగిన పిల్ల. మా వీధిలో ఏ తలుపు తట్టినా దొరికే బాధలే. అందుకే జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2022లో ఆ మొగుడూపెళ్లాలిద్దరినీ యాక్సిడెంటులో చనిపోయినట్టు చూపించి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. కొన్ని నెలలకే వెనక్కి తెచ్చారు. 2023 జనవరిలో, 1500 దాటిన ఎపిసోడ్లతో ముగించి, 2024 మార్చిలో అవే పేర్లతో కొత్త కథ మొదలుపెట్టారు. ఆ నటుల మీది అభిమానంతో జనం మళ్లీ కూర్చున్నారు, కాదనను. అయితే ఆ చావు రోజున నిజంగా ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడు ఏ చానెల్లో ఎవరు పోయినా వాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. “అక్కా, మొకం సూపించినారా?” మొహం చూపించకపోతే బతికున్నట్టే లెక్క. చూపించినా నమ్మరు, పోలిక మనిషేమో అంటారు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఏడుపు రానివ్వకుండా చేయడం చిన్న నష్టం కాదు, అది ఒక్క సీరియల్‌తో పోదు. తర్వాత రాబోయే మంచి రచయిత నిజాయితీగా ఒక చావు రాస్తే, దాని మీద కూడా ఈ అనుమానమే పడుతుంది.

మీ ఇబ్బందులు తెలియక రాయడం లేదు. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ అరగంట స్లాటు నింపాలి. యాడ్స్ పోను ఇరవై నిమిషాల చిల్లర కథ కావాలి. గురువారం వచ్చేసరికి రేటింగులు బయటికొస్తాయి, పాయింటు తగ్గితే ట్రాక్ మార్చమంటారు, టైము మారుస్తారు, ఇంకో సీరియల్ వాళ్లతో కలిపి మహాసంగమం పెట్టమంటారు. సెట్లో లైట్లు పట్టుకునేవాళ్ల దగ్గర్నుంచి మేకప్ వేసేవాళ్ల దాకా ఎంతోమందికి ఆ ఎపిసోడ్ల మీదే ఇల్లు గడుస్తుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టి షూటింగులు ఆగినప్పుడు వాళ్లెంత ఇబ్బందిపడ్డారో మేం ఊహించగలం, ఆ నెలల్లో మాకూ పని లేదు. ఏ రోజు పని మీద ఆ రోజు బతికే మనిషిగా చెబుతున్నాను, ఒకరి పని ఆగిపోవాలని నేను కోరుకోను. ఒక కథ ముగిశాక అదే యూనిట్ ఇంకో కథ మొదలుపెట్టవచ్చు కదా అనే నా ప్రశ్న.

ఇక ఆ రేటింగు. ఎవరు ఏ చానెల్ చూస్తున్నారో 2015 నుంచి బార్క్ అనే సంస్థ వాళ్లు లెక్కగడుతున్నారు. దేశం మొత్తం మీద ఏరిన 50 వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు ఉంటాయి, టీవీ ముందు ఎవరు కూర్చుంటే వాళ్లు తమ బటన్ నొక్కాలి. మనిషి టీవీ ముందున్నదీ లేనిదీ దానికి తెలుస్తుంది. ఆ మనిషి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోందా, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతోందా, మనసు ఎక్కడుంది, ఇవి ఏ మీటరుకూ అందవు. రాత్రి ఏడున్నరకు టీవీ పెట్టడం మాకు అలవాటు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఇద్దరే మిగిలిన ఇళ్లు మా చుట్టూ ఎన్నో. ఆ ఇళ్లకి ఆ మోత తోడు. ఆ తోడును లెక్కలోకి వేసుకుని “జనం ఇవే కోరుతున్నారు, అందుకే ఇస్తున్నాం” అనడం న్యాయం కాదు.

జనానికి ఏం గుర్తుంటుందో మా ఊరి సంగతి చెబుతాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా ఊరి దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, వీధిలో ఉన్న చెట్లన్నీ రోడ్డు మీదికొచ్చాయి, ఏళ్లుగా చూస్తున్న కొండలు పచ్చదనం పోయి గోధుమరంగు తేలాయి. ఆ పూట అందరిదీ ఒకటే భయం. మర్నాటి నుంచి ఎవరి చిన్న భయం వాళ్లది. చంటిపిల్లకి పాలు దొరుకుతాయా? దుబాయ్‌లో ఉన్న కొడుక్కి బతికే ఉన్నామని ఎలా చెప్పాలి? జనరేటర్ ఉన్నచోట ఫోను ఛార్జింగ్‌కి ఎంత అడుగుతారో? నాకైతే పెళ్లివాళ్ల చీరలు, జాకెట్లు షాపులో అటక మీద ఉన్నాయి, రేకు లేచిపోయిందేమో, తడిశాయేమో అని.

మా పక్కింటావిడతో ఎన్నేళ్లుగానో మాకు మాటల్లేవు. గోడ దగ్గర వచ్చిన తగువు. తుఫాను మర్నాడు పొద్దున ఆవిడ ఆ గోడ మీంచే అర లీటరు పాల ప్యాకెట్టు అందించి “పిల్లకి” అంది. ఇంకేం అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. మా అత్తగారు ఆ ప్యాకెట్టు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. సాయంత్రం అత్తగారే వాళ్లింటికి రెండు బిందెల నీళ్లు పంపించారు. ఇప్పటికీ మా ఇంట్లో హుద్‌హుద్ మాటొస్తే గాలి ఎంత వేగంతో వచ్చిందో ఎవరూ చెప్పరు, పాల ప్యాకెట్టు సంగతే చెబుతారు.

మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది. వచ్చిన రాత్రి అందరం టీవీ ముందు కూర్చున్నాం. అన్ని రోజులు చూడని సీరియల్, ఏం జరిగిందో ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. ఆస్తి కాగితం మీద సంతకం ఇంకా అవలేదు, కలం పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. మాకు బాధేసింది. ఆ వారంలో మా ఒక్క వీధిలో మాటల్లేని రెండిళ్లు మాట్లాడుకున్నాయి, ఒకాయన ఇల్లు వదిలి ఊరెళ్లిపోయాడు, ఒక పెళ్లి గుళ్లో లాంతర్ల వెలుగులో జరిగింది. మా బతుకు అంత దూరం నడిస్తే మీ కథ నిలబడిన చోటే నిలబడి ఉంది.

తెలుగువాళ్లకి పొడుగు కథలు కొత్త కాదు, విసుగూ లేదు. భారతాన్ని తెలుగు చేయడానికి నన్నయ, తిక్కన, ఎర్రన కావలసి వచ్చారు. మా పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) హరికథను ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. శ్రీరామనవమి పందిట్లో కూర్చున్న ఎవరికైనా సీత దొరుకుతుందా లేదా అన్న సస్పెన్స్ ఉందా? రాముడు గెలుస్తాడని ఒళ్లో పిల్లకి కూడా తెలుసు. అయినా హనుమంతుడు అశోకవనంలో చెట్టు మీద ఆకుల చాటున కూర్చుని, ఏ భాషలో పలకరించాలి, నన్ను చూసి ఈ తల్లి రావణుడే మళ్లీ వేషం వేసుకొచ్చాడని భయపడితే ఎలా అని ఆలోచించే ఘట్టం వస్తే పందిరంతా కదలకుండా వింటుంది. సముద్రం దాటినవాడు, లంకను కాల్చబోయేవాడు, అక్కడ ఆలోచిస్తున్నది ఒక ఆడమనిషిని భయపెట్టకుండా మాట్లాడడం ఎలా అని. ఆ తర్వాత హరికథ చెప్పే దాసుగారు మంగళం పాడతారు, జనం హారతి కళ్లకద్దుకుని ఇళ్లకి పోతారు. ముగిసిపోయిందని ఎవరూ అలగరు. వచ్చే ఏడాది మళ్లీ అదే కథకు వస్తారు.

దూరదర్శన్‌లో ‘మహాభారత్’ 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా వచ్చింది. మొత్తం 94 ఎపిసోడ్లు. కురుక్షేత్రం అంతా అందులోనే సరిపోయింది. తెలుగులో 2022లో ముగిసిన ఒక సీరియల్‌కి 13 ఏళ్లు దాటి, 4000 ఎపిసోడ్లు పట్టాయి. పొడుగుంటేనే జనం ఆదరిస్తారనుకుంటే ‘అమృతం’ ఏమిటి? 2001 నుంచి 2007 దాకా వారానికొకసారి వచ్చింది. ఇద్దరు స్నేహితులు, ఒక హోటలు, అద్దె కోసం వెంటపడే ఓనరు. హోటలు నడుస్తుందా, ఇవాళ ఇడ్లీలు అమ్ముడుపోతాయా అన్నదే అందులో ప్రమాదమంతా. ఏ వారం కథ ఆ వారమే ముగిసేది. నా దగ్గరికొచ్చే కాలేజీ పిల్లలు కూడా ఇప్పటికీ దాన్ని ఫోన్లో పెట్టుకుని చూస్తున్నారు.

వారపత్రికల రోజుల్లో సీరియల్ నవలలు చదివిన ఆడవాళ్లు మా అమ్మ తరం. వచ్చే వారం పత్రిక ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. నవల అయిపోయాక ఆ పేజీలన్నీ జాగ్రత్తగా విప్పి, వరసలో పెట్టి, అట్ట వేయించి బైండు చేయించుకునేవాళ్లు. మా అమ్మ పెట్టెలో అలాంటివి ఇంకా ఉన్నాయి, దారం కుట్టు ఆమె స్వయంగా వేసుకున్నది. చివరి భాగం చేతికొచ్చింది కాబట్టి బైండు అయింది. దాచుకుని, మళ్లీ చదివి, కూతురికి ఇచ్చింది. మీ సీరియళ్లలో ఏ ఒక్కదాన్నయినా నేను నా కూతురికి మొదట్నుంచీ చూడమని చెప్పగలనా?

మగపిల్లల సినిమాల్లోనూ ఇదే జబ్బు. 2008 నుంచి 2019 దాకా వచ్చిన మార్వెల్ సూపర్‌హీరో సినిమాలు, ‘ఎండ్‌గేమ్’ దాకా 22, మా అబ్బాయి వెతుక్కుని మరీ చూశాడు. ఆ చివరిది చూసొచ్చిన రాత్రి వాడికి అన్నం సయించలేదు. పదకొండేళ్లుగా నడిచిన కథలో ఒక మనిషి పోయాడు, ఆ చావుకి విలువుంది. ఆ తర్వాత ఒక లోకం చాలక ఎన్నో లోకాలు వచ్చాయి, ఇక్కడ పోయినవాడు ఇంకో లోకంలో ఉన్నాడన్నారు, ఒక సినిమా అర్థం కావాలంటే మధ్యలో వచ్చిన సిరీస్‌లు చూసి ఉండాలన్నారు. వాడు మానేశాడు. ఇంత ఎక్కువ తీయడం వల్ల దృష్టి చెదిరిపోయిందని 2023లో ఆ మార్వెల్‌కి యజమాని అయిన డిస్నీ కంపెనీ అప్పటి అధిపతి బాబ్ ఐగర్ స్వయంగా అన్నారు. అంత పెద్ద కంపెనీ పైకి చెప్పగలిగిన మాట మన చానెళ్లు ఎందుకు చెప్పుకోకూడదు?

మన దగ్గరే చూడండి. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని ఊరంతా అడిగింది. ఆ ప్రశ్నలో రాజ్యం ఏమవుతుందోనన్న బెంగ లేదు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన చేత్తోనే ఎలా పొడిచాడన్న బాధ ఉంది. రెండో భాగంలో జవాబు దొరికింది, కథ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత చాలామంది చివర్లో ప్రశ్న వదలడం నేర్చుకున్నారు గానీ అడగదగ్గ ప్రశ్న వెతకడం నేర్చుకోలేదు.

మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో కొరియా సీరియళ్లు వింటున్నారు. భాష రాదు, ఊరు తెలీదు, తిండి తెలీదు. “పదహారు ఎపిసోడ్లే అక్కా, అయిపోతాది” అంటారు. చాలావాటికి అంతే. అయిపోతుందన్న నమ్మకంతోనే మొదలుపెడుతున్నారు. తెలుగు వచ్చిన పిల్లలు తెలుగు కథను వదిలి పోతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంకొక మనిషి గురించి చెప్పి తీరాలి. మా వీధి చివర, రైల్వే లోకోషెడ్‌లో చేసి రిటైరైన ఆయన భార్య ఉండేవారు. అందరం మామ్మగారనేవాళ్లం. ఒక సీరియల్‌ను మొదటిరోజు నుంచీ చూశారు. అందులో ఒక పిల్లకి కన్నతల్లి ఎవరో తెలీదు, అదే ఇంట్లో పనిచేసే ఆవిడే తల్లి. మామ్మగారికి చిన్నప్పుడే తల్లి పోయింది, ఆ కథ ఆవిడకి ఎందుకంత పట్టుకుందో మాకు వేరే చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో మంచం పట్టారు, మందుల మత్తుకి ఆ టైముకి నిద్రపట్టేసేది. మర్నాడు కోడలు జాకెట్టు ఇవ్వడానికో తీసుకోడానికో వస్తే, మా దగ్గర కనుక్కురమ్మని అడిగించేవారట, “పిల్లకి తెలిసిందా?” అని. తెలీబోతుంటే కరెంటు పోయేది. తెలీబోతుంటే ఎవరో తలుపు కొట్టేవారు. ఉత్తరం చదవబోతుంటే గాలికి ఎగిరిపోయేది. మామ్మగారు పోయారు. ఆ పిల్లకి ఇప్పటికీ తెలీదు.

ఆవిడ తన ఆయుష్షులోంచి రోజూ ఒక అరగంట తీసి మీకిచ్చారు. మీరు దాన్ని తీసుకున్నారు. ఇవ్వవలసిన జవాబు మీ దగ్గరే ఉంచేసుకున్నారు. మీ గదుల్లో కూర్చుని “ఈ ట్రాక్ ఇంకో ఆర్నెల్లు లాగుదాం” అనుకునేటప్పుడు అవతల మంచం మీద ఎవరున్నారో ఒక్కసారి తలుచుకోండి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. విషం పెట్టినవాళ్లు ఆ ఇంట్లో మళ్లీ మామూలుగా తిరగకూడదు. కేసు పెట్టండి, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఆ ఇంటివాళ్లు మా ముందు మాట్లాడుకోవాలి, పరువు కోసమా, కొడుకు కోసమా, భయమా. ఆ మాటల్లోనే నెల్లాళ్ల కథ ఉంది. పోయినవాళ్లను పోనివ్వండి. వాళ్లు పోయాక ఇల్లు ఎలా ఉంటుందో, కుర్చీలో ఎవరు కూర్చుంటారో, పింఛను కాగితాలకి ఎవరు తిరుగుతారో రాయండి.

కథలు కావాలంటే మా ఊరు రండి. ఈ ఊరి ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు సారా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లని కథల్లోకి తెచ్చారు. చిన్న కేసు, కోర్టు వరండా, ఒక పేద ఆడమనిషి, కొత్త ప్లీడరు. దశాబ్దాలు దాటినా ఆ కథలు పాతబడలేదు. 2023 నవంబరులో మా ఫిషింగ్ హార్బర్‌లో రాత్రికి రాత్రి పదుల బోట్లు తగలబడ్డాయి. మీరైతే మంట రాస్తారు. మంట ఒక రాత్రి. మర్నాడు పొద్దున వేటకి పోవడానికి బోటు లేని మనిషి ఇంట్లో, కూతురు కాలేజీ ఫీజు కట్టాల్సిన తేదీ గురించి ఎవరు ముందు నోరెత్తారు? తల్లి మెడలో గొలుసు వైపు ఎవరూ చూడకుండా ఎలా కూర్చున్నారు? ఆ పిల్ల “ఈ ఏడాది మానేస్తాలే నాన్నా” అంటే ఆయన ఏమన్నాడు? అది రాయండి. మా మిషన్లు తప్పకుండా ఆగుతాయి.

మరొక్కటి. కొత్త సీరియల్ ప్రోమో వేసేటప్పుడు మొదలయ్యే తేదీతోపాటు ముగిసే తేదీ కూడా వేయండి. ఏడాది తర్వాతిదైనా, రెండేళ్ల తర్వాతిదైనా ఫరవాలేదు. రేటింగు పెరిగినా దాన్ని జరపబోమని మాటివ్వండి. షాపులో క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటాం. ఆ రోజుకి అర్జెంటు జాకెట్లు ఏవీ ఒప్పుకోమని మా దగ్గర కుట్టించుకునేవాళ్లందరికీ ముందే చెప్పేస్తాను.

ఇట్లు,
మర్రిపాలెంలో బట్టలు కుట్టుకునే మీ ప్రేక్షకురాలు,
విశాఖపట్నం.